విదేశీ కంపెనీతో ఫోన్‌లో బేరం: అమ్మేది ఊరి నమ్మకాన్నే

పసుపు అమ్ముకోవడానికి మార్కెట్ యార్డు ఉంది. బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానా ఉంది. మరి పొలం గట్ల మీద వీడియోలు తీసి యూట్యూబులో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్న జగిత్యాల జిల్లా యువకుల పనికి యార్డు ఎక్కడుంది? వారి జేబులోని సెల్‌ఫోన్‌లోనే ఉంది. వాట్సప్‌లో ఒక సందేశం పంపి దుబాయి కంపెనీతోనో, సింగపూర్ కంపెనీతోనో ప్రకటన బేరం మాట్లాడుకునే రోజులివి. ఇది పనిలేని వారి పని అని నవ్వేవారు కొందరు. రేపో మాపో లక్షలు వచ్చి పడతాయని కలలు కనేవారు మరికొందరు. రెండూ సరికాదు. ఇదీ ఒక వ్యాపారమే. దీనికీ తూకం ఉంది, ధర ఉంది, తక్‌పట్టీ ఉంది. మోసమూ ఉంది.

పల్లె వీడియోలను బయటివారు ఎందుకు చూస్తారన్న సందేహం అక్కరలేదు. మల్యాల మండలం లంబాడిపల్లిలో 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’ ఊరి మాటనూ, ఊరి హాస్యాన్నీ తెలుగువారున్న ప్రతిచోటికీ చేర్చింది. వ్యవసాయ కూలీగా బతికిన గంగవ్వ ఆ వీడియోలతోనే పేరు తెచ్చుకుని 2020లో బిగ్ బాస్ వేదిక దాకా వెళ్లింది. ‘గ్రాండ్‌పా కిచెన్’ పేరుతో ఆరుబయట పెద్ద పెద్ద గిన్నెల్లో వండి అనాథ పిల్లలకు పెట్టిన నారాయణరెడ్డి 2019లో కన్నుమూసే నాటికి విదేశాల్లోనూ లక్షలాది మందికి తెలిసిన మనిషి. చూసేవారికి కొదవ లేదు. కొదవల్లా బేరం చేయడం తెలియకపోవడమే.

ఎవరికి మన ప్రేక్షకులు కావాలి?

చాలామంది మొదట చేసే పొరపాటు పెద్ద పేరున్న కంపెనీ విదేశీ ప్రధాన కార్యాలయానికి రాయడం. సబ్బులు, పానీయాలు, ఫోన్లు అమ్మే పెద్ద విదేశీ సంస్థలకు మన దేశంలోనే శాఖలున్నాయి. ఇక్కడి ప్రకటనల వ్యవహారం ఇక్కడి కార్యాలయమే చూస్తుంది. లండన్‌కు రాసిన సందేశం ముంబైకి వస్తే వచ్చినట్టు, లేకుంటే బుట్టదాఖలు.

తెలుగు పల్లెను చూసే ప్రేక్షకులతో ఏ విదేశీ సంస్థకు పని ఉందో ముందు ఆలోచించాలి. ఈ జిల్లా నుంచి, పక్కనున్న నిజామాబాద్, సిరిసిల్ల జిల్లాల నుంచి ఎందరో గల్ఫ్ దేశాలకు పనికి పోయారు. సాయంత్రం క్యాంపులో ఊరి వీడియో చూస్తూ ఇల్లు తలుచుకునేది వారే. ఇంటికి డబ్బు పంపే సంస్థలు, అక్కడి కిరాణా దుకాణాలు, విమాన టిక్కెట్లు అమ్మేవారు ఆ కార్మికుల కోసమే చూస్తుంటారు. అమెరికాలో తెలుగువారికి పచ్చళ్లు, పప్పులు, వంటపాత్రలు అమ్మే చిన్న కంపెనీలు కూడా అలాంటివే. వీరికి కోటి మంది చూసే వీడియో అక్కరలేదు. తమ ఊళ్లో ఉన్న ఐదువేల మంది తెలుగువారు చూస్తే చాలు.

కనుక వీడియో తీసేవారు యూట్యూబు లెక్కల్లో తమ ప్రేక్షకులు ఏ దేశంలో ఎంతమంది ఉన్నారో చూసి రాసుకోవాలి. ఒక్కసారి లక్షలు దాటిన వీడియోను గొప్పగా చెప్పడం కాదు, చివరి పది వీడియోలను సగటున ఎందరు చూశారో చెప్పాలి. రాశి పైన మంచి కొమ్ములు, అడుగున పుచ్చులు పెట్టిన రైతును వ్యాపారి రెండోసారి నమ్ముతాడా?

ఏ దేశానికి ఏ దారి?

అన్ని దేశాల్లోనూ వాట్సప్ నడవదు. గల్ఫ్, జర్మనీ, బ్రెజిల్ దేశాల్లో నడుస్తుంది. జపాన్‌లో లైన్, కొరియాలో కకావ్‌టాక్, వియత్నాంలో జాలో వాడతారు. చైనా వారి వీచాట్‌ను మన ప్రభుత్వం 2020లో నిషేధించింది. అమెరికా కంపెనీలు ఇప్పటికీ ఈమెయిల్‌కే ఎక్కువ విలువ ఇస్తాయి.

నెంబరును కంపెనీ సొంత వెబ్‌సైటు నుంచే తీసుకోవాలి. ఎవరో గ్రూపులో పెట్టిన నెంబరును నమ్మరాదు. వెబ్‌సైటులో ఉండే వాట్సప్ నెంబరు సాధారణంగా ఫిర్యాదులు వినే విభాగానిది. అక్కడే ధర మాట్లాడి లాభం లేదు. ప్రకటనల వ్యవహారం చూసే అధికారి చిరునామా ఇవ్వమని మర్యాదగా అడిగితే చాలు.

వేళ కూడా చూసుకోవాలి. దుబాయి మనకంటే గంటన్నర వెనుక, సౌదీ రెండున్నర గంటలు వెనుక. సింగపూర్ రెండున్నర గంటలు ముందు. సౌదీలో శుక్ర, శనివారాలు సెలవు. అర్ధరాత్రి ఫోను మోగించినవాడికి పని ఇచ్చే యజమాని ఏ దేశంలోనూ ఉండడు.

సందేశం ఎలా ఉండాలి?

‘హాయ్’ అని ఒక ముక్క పంపి జవాబు కోసం కూర్చోవడం, ఉదయాన్నే పువ్వుల బొమ్మతో శుభోదయం చెప్పడం, ఐదు నిమిషాల గొంతు రికార్డు పంపడం చుట్టాల మధ్య చెల్లుతాయి, వ్యాపారంలో చెల్లవు. మొత్తం విషయం ఒకే సందేశంలో, ఆరేడు వరుసల్లో ఉండాలి. ఇలా ఉంటే చాలు:

“అయ్యా, మేము తెలంగాణలోని ఫలానా ఊరి నుంచి పల్లె జీవితంపై తెలుగులో వీడియోలు తీస్తున్నాం. చివరి పది వీడియోలను సగటున ఇంతమంది చూశారు. వారిలో నూటికి ఇంతమంది మీ దేశంలో పనిచేస్తున్నవారు. మొదటిసారి ఇంటికి డబ్బు పంపే కార్మికుడికి మీ సేవ అర్థమయ్యేలా నాలుగు నిమిషాల కథ తీయగలం. మా పని నమూనా ఈ లింకులో ఉంది. ఈ విషయం చూసే అధికారి ఎవరో తెలియజేస్తే ధర, గడువు రాసి పంపుతాం.”

దీన్ని ఇంగ్లీషులోకి ఫోనే మార్చిపెడుతుంది. ఆ తర్వాత ఊరి బడి ఇంగ్లీషు మాస్టారికి ఒకసారి చూపిస్తే తప్పులు పోతాయి. జవాబు రాకపోతే వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేయవచ్చు. అప్పటికీ పలకకపోతే వదిలేయాలి.

ఒకే సందేశాన్ని వందమందికి పంపడం పనికిరాదు. అడగనివారికి గుంపుగా సందేశాలు పంపే నెంబరును వాట్సప్ నిలిపివేస్తుంది. ఇంటివారితో, బ్యాంకుతో మాట్లాడే నెంబరే పోతే కష్టం. ఈ పనికి వేరే నెంబరు పెట్టుకుని 2018లో వచ్చిన వాట్సప్ బిజినెస్ వాడుకోవడం మేలు. దానికి రుసుము లేదు. పని నమూనాలను అందులో వరుసగా పేర్చి చూపవచ్చు.

తక్‌పట్టీ లేని బేరం వద్దు

యార్డులో తూకం కాగానే రైతు తక్‌పట్టీ అడుగుతాడు. ఇక్కడా అంతే. బేరం వాట్సప్‌లో మొదలైనా ఒప్పందం ఈమెయిల్‌లో, రాతపూర్వకంగా ముగియాలి. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు దాన్నే నమ్ముకున్నవారి పరిచయాలన్నీ తెల్లవారేసరికి పోయాయి. యాప్ ఈరోజు ఉంటుంది, రేపు ఉండకపోవచ్చు. కాగితం ఉంటుంది.

ఎన్ని వీడియోలు, ఎన్ని నిమిషాలు, ఎప్పటిలోగా, ఎన్నిసార్లు మార్చాలి, ఆ వీడియోను కంపెనీ ఎన్ని నెలలు వాడుకుంటుంది, పోటీ కంపెనీకి పనిచేయరాదన్న షరతు ఉందా అనేవి అందులో ఉండాలి. ‘ఎప్పటికీ, ఎక్కడైనా’ వాడుకుంటామని రాస్తే ధర వేరుగా అడగాలి. పొలం కౌలుకు ఇవ్వడం వేరు, పట్టా చేయడం వేరు. సినిమా పాటను అనుమతి లేకుండా ప్రకటనలో పెడితే చిక్కులు తప్పవు. సగం సొమ్ము ముందు అడగడంలో తప్పు లేదు. పని ముగిశాక నెల, రెండు నెలల గడువు పెట్టే కంపెనీలూ ఉన్నాయి. ఆ గడువును ముందే తెలుసుకోవాలి.

ధర కట్టేటప్పుడు ఒక సంగతి మరవరాదు. కెమెరా అద్దె, పెట్రోలు, ఎడిటింగు లెక్క వేసేవారు తెర మీద కనిపించే అవ్వ కూలిని లెక్క వేయడం లేదు. పొలం ఇచ్చిన ఆసామికి, పాట పాడిన అమ్మకు చాయ్ పోసి పంపేస్తే చాలదు. కంపెనీ డబ్బు ఇస్తున్నప్పుడు అందులో వారికీ వాటా ఉండాలి. కనిపించే ప్రతివారి సమ్మతి సంతకం అడిగే విదేశీ కంపెనీలు ఉన్నాయి. ఆ సంతకం దేనికో అవ్వకు చదివి చెప్పాలి. ఊరి మనిషి ముఖం ఉచితంగా దొరికే సరుకు కాదు.

సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాకు తెప్పించుకోవాలి. కంపెనీకి ఇవ్వాల్సింది పేరు, ఖాతా నెంబరు, బ్యాంకు స్విఫ్ట్ కోడు. చిన్న శాఖలకు ఆ కోడు ఉండకపోవచ్చు. మేనేజరును అడిగితే ఏ శాఖ కోడు రాయాలో చెబుతారు. సొమ్ము దేనికి వచ్చిందని బ్యాంకు అడిగితే ప్రకటనల సేవ అని చెప్పాలి, దాని కోడు పీ1007. సొమ్ము జమైనట్టు బ్యాంకు ఇచ్చే ధ్రువపత్రాన్ని దాచుకోవాలి. విదేశం నుంచి వచ్చినా ఆదాయం ఆదాయమే, పన్ను లెక్కల్లో చూపాలి. ఏడాది రాబడి 20 లక్షల దరిదాపులకు వస్తే జీఎస్టీ సంగతి ఆడిటరును అడగాలి.

ఎదురు సొమ్ము అడిగితే మోసమే

గల్ఫ్ వీసా ఇప్పిస్తామని ముందే డబ్బు గుంజుకుని మాయమైన ఏజెంట్ల కథలు ఈ జిల్లాలో ఎవరికి తెలియవు? ఆ ఏజెంట్లే ఇప్పుడు వేషం మార్చి వాట్సప్‌లో వస్తున్నారు. ‘విదేశీ కంపెనీ మిమ్మల్ని ఎంపిక చేసింది, రిజిస్ట్రేషను రుసుము కట్టండి’ అంటారు. ‘నమూనా పార్సెల్ ఢిల్లీ విమానాశ్రయంలో ఆగింది, సుంకం పంపండి’ అంటారు. పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు గానీ అడగడు. విదేశీ పార్సెల్‌కు సుంకం పడే మాట నిజమే. కాని దాన్ని కొరియరు సంస్థ లేదా తపాలా శాఖ రసీదు ఇచ్చి తీసుకుంటుంది. ముక్కూమొహం తెలియనివాడి యూపీఐకి పంపమనదు.

ఒప్పంద పత్రమని పంపిన ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే తెరవరాదు. అది పత్రం కాదు, ఫోనులోకి దూరే యాప్. చానల్ పాస్‌వర్డు, ఫోనుకు వచ్చే ఓటీపీ ఎవరికీ చెప్పరాదు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన అవసరం లేదు. మోసపోయామని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్ చేయాలి. సిగ్గుపడి ఊరుకుంటే సొమ్ము చేతులు మారిపోతుంది.

పందెం కంపెనీకి తలుపు మూయాలి

అన్నిటికంటే పెద్ద ప్రమాదం మోసగాడు కాదు. సొమ్ము నిజంగా ఇచ్చే పందెం కంపెనీ. బెట్టింగ్ యాప్‌ల వారు టెలిగ్రాంలో, వాట్సప్‌లో తామే వెతుక్కుంటూ వస్తారు. బేరం ఆడరు. ఒక్క నిమిషం వీడియోకు అడిగినంత ఇస్తామంటారు. అంత ధర ఎందుకు ఇస్తున్నారో ఆలోచించాలి. ఆ వీడియో చూసి పందెంలో సొమ్ము పోగొట్టుకునే ఊరి కుర్రాళ్ల జేబుల నుంచే అది తిరిగి వస్తుంది.

తెలంగాణలో ఆన్‌లైన్ పందెం 2017 నుంచే నిషిద్ధం. 2025 మార్చిలో ఇలాంటి యాప్‌లకు ప్రచారం చేశారన్న ఆరోపణపై పలువురు సినీ నటులపై, సామాజిక మాధ్యమాల ప్రముఖులపై రాష్ట్ర పోలీసులు కేసులు పెట్టారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలకు ప్రకటన చేసినవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు. కంపెనీ ఏ దీవిలోనో ఉంటుంది. పోలీసులు వచ్చేది ఊళ్లో ఉన్నవాడి ఇంటికే.

మంచి కంపెనీ ప్రకటన అయినా డబ్బు తీసుకుని చేస్తే ఆ మాట తెరమీద చెప్పి తీరాలి. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన సూచనల ప్రకారం వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే చెప్పాలి. తెలుగు వీడియోలో ‘ప్రకటన’ అని తెలుగులోనే రాయాలన్నమాట. తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా పడవచ్చు. జరిమానా మాట అటుంచితే, చూసేవారిని మభ్యపెట్టడం ధర్మం కాదు. డబ్బు పంపే సేవ గొప్పదని చెప్పేవారు దాని రుసుమెంతో కూడా చెప్పాలి. వినేవాడు సొంత ఊరివాడే కావచ్చు.

విదేశీ కంపెనీ ఈ పల్లెల్లో కొనేది అందాన్ని కాదు. కెమెరా నైపుణ్యం ఇంతకంటే గొప్పది నగరాల్లో దొరుకుతుంది. ‘మా ఊరి పిలగాడు చెప్పిండు’ అని నమ్మే ప్రేక్షకుణ్ని అది కొంటుంది. ఆ నమ్మకం సంపాదించడానికి ఏళ్లు పట్టింది. విత్తనం గింజలు తిన్న రైతుకు వచ్చే ఏటి పంట ఉండదు. యువకులు ధైర్యంగా రాయాలి, రాతలో ధర అడగాలి, న్యాయంగా సంపాదించాలి. ఊరి నమ్మకాన్ని మాత్రం ఏ కరెన్సీకీ తాకట్టు పెట్టరాదు.