దొంగిలించిన బిడ్డకు దత్తత కాగితాలు

1999లో చెన్నై పుళియంతోప్‌లో ఏడాదిన్నర వయసున్న పిల్లవాడు మాయమయ్యాడు. తల్లిదండ్రులు పోలీసులకు ఫిర్యాదు చేశారు. ఆరేళ్ల పాటు ఏ కబురూ లేదు. 2005లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా ఒకటి పట్టుబడ్డాక గుట్టు బయటపడింది. పిల్లవాణ్ని లైసెన్సు ఉన్న ఒక దత్తత సంస్థకు అమ్మారని, అక్కడి నుంచి నెదర్లాండ్స్‌కు పంపారని దర్యాప్తు చెప్పింది. కేసు తర్వాత సీబీఐ చేతికి వెళ్లింది. తల్లిదండ్రులు నెదర్లాండ్స్ కోర్టు దాకా వెళ్లి, డీఎన్ఏ పరీక్ష చేయించమని అడిగారు. 2010లో కోర్టు ఆ పరీక్షకు ఆదేశించడానికి ఒప్పుకోలేదు.

మామూలుగా దొంగ దొరక్కపోతే కేసు తేలలేదంటాం. ఇక్కడ ముఠా దొరికింది, సంస్థ పేరు తెలిసింది, బిడ్డ చేరిన దేశం తెలిసింది. అయినా ఆ కోర్టులో తేలనిది ఒక్కటే: ఆ అబ్బాయి వీళ్ల బిడ్డేనా? తల్లి మాట ఒక వైపు, సంస్థ పుట్టించిన కాగితం మరో వైపు ఉన్నాయి. కాగితమే గెలిచింది.

పుళియంతోప్ అంటే ఎవరు ఉండే చోటో మద్రాసు చరిత్ర చదివినవాళ్లకు తెలుసు. 1921లో బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లు సమ్మె సమయంలో ఆది ద్రావిడుల ఇళ్లు తగలబడిన ప్రాంతం అది. అలాంటి పేట నుంచి ఒక కూలి మనిషి స్టేషన్‌కు వెళ్లి బిడ్డ పోయాడంటే ఎదురయ్యే ప్రశ్నలు మనకు కొత్త కాదు. ఎక్కడో ఆడుకుంటున్నాడేమో చూసుకున్నారా? మీరే ఎవరికైనా ఇచ్చేశారా? మొదటి రోజే వెతకాల్సిన పోలీసు మొదటి రోజు తల్లిని అనుమానిస్తాడు. కేసు తేలకపోవడం అక్కడే మొదలవుతుంది.

అదే 1999లో, మళ్లీ 2001లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను శిశు విక్రయాల వ్యవహారం కుదిపేసింది. నల్లగొండ చుట్టుపక్కల లంబాడీ తండాల నుంచి ఆడ శిశువులను దళారులు హైదరాబాద్‌లోని దత్తత సంస్థలకు చేర్చారు. తండాలో దళారి చేతిలో పెట్టింది కొద్ది సొమ్ము. విదేశీ దత్తతలో చేతులు మారింది డాలర్లు. కానీ మన జ్ఞాపకంలో మిగిలింది ఏమిటి? 'లంబాడీలు ఆడపిల్లల్ని అమ్ముకుంటారు' అన్న మాట. కొన్నవాళ్లకూ, సంతకాలు పెట్టిన అధికారులకూ, లైసెన్సు ఇచ్చిన శాఖకూ కులం పేరు అంటలేదు. నింద మొత్తం తండా మోసింది.

చెన్నైలో జరిగింది దొంగతనం, తండాలో జరిగింది అమ్మకం, రెంటినీ కలపకూడదని కొందరంటారు. నిజమే, అవి వేర్వేరు నేరాలు. కానీ రెంటినీ కడిగి శుభ్రం చేసిన యంత్రం ఒకటే. 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు విదేశీ దత్తతలకు నియమాలు పెట్టింది, తల్లిదండ్రులు ఇష్టపూర్వకంగా అప్పగించాలంది. ఆ రక్షణే వ్యాపారానికి దారి అయింది. చదువురాని తల్లి వేలిముద్రతో అప్పగింత పత్రం తయారవుతుంది. బిడ్డను ఎత్తుకొచ్చినప్పుడు ఆ వేలిముద్ర ఎవరిదైనా సరిపోతుంది. తర్వాత కోర్టుకు కనబడేది పత్రం ఒక్కటే.

ఇంకో వాదన బరువైనది. పెరిగిన ఇంటి నుంచి, మాట్లాడే భాష నుంచి పిల్లవాణ్ని కదిలిస్తే అతనికే హాని అంటారు. పన్నెండేళ్ల పిల్లవాడి విషయంలో దాన్ని కొట్టిపారేయలేం. కానీ ఆ ఏళ్లన్నీ ఎలా గడిచాయి? మొదటి ఆరేళ్లు పోలీసులు తేల్చలేదు, మిగతావి ఫైళ్లలో పోయాయి. ముందు వ్యవస్థ ఆలస్యం చేసింది. ఆ ఆలస్యమే తర్వాత తల్లిదండ్రులకు వ్యతిరేకంగా సాక్ష్యం అయింది. పైగా ఇప్పుడు ఆ వాదనకు గడువు తీరింది. 1999లో ఎత్తుకుపోబడిన బిడ్డలు, ఆ ఏడాది తండాల్లో పుట్టిన బిడ్డలు ఇవాళ నా వయసువాళ్లు. తాము ఎవరో తెలుసుకునే హక్కు వాళ్లది.

నెదర్లాండ్స్ ప్రభుత్వం తన వైపు కొంతైనా లెక్క చూసుకుంది. 2021లో జౌస్ట్రా కమిటీ విదేశీ దత్తతల్లో తీవ్ర అక్రమాలు జరిగాయని తేల్చింది. 2024లో ఆ దేశం విదేశీ దత్తతలను క్రమంగా ఆపేయాలని నిర్ణయించింది. అయితే ఆ కమిటీ లోతుగా చూసిన ఐదు దేశాలు బంగ్లాదేశ్, బ్రెజిల్, కొలంబియా, ఇండోనేషియా, శ్రీలంక. మన దేశం ఆ జాబితాలో లేదు. పరిశీలించిన కాలం 1967 నుంచి 1998 వరకు. పుళియంతోప్ బిడ్డ పోయింది ఆ మరుసటి ఏడాది.

మనం ఆ మాత్రం కూడా చేయలేదు. దత్తత నిబంధనలు దత్తత వెళ్లినవాళ్లకు తమ మూలాలు వెతుక్కునే దారి ఇచ్చాయి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి వెతకడానికి అలాంటి దారి లేదు. జాతీయ నేర గణాంకాల్లో తప్పిపోయిన పిల్లల వయసు ఉంటుంది, ఆడా మగా ఉంటుంది, కులం ఉండదు.

ఇది పాత కథ అనుకోవద్దు. వారణాసిలో రోడ్డు పక్కన తల్లిదండ్రుల దగ్గర నిద్రపోతున్న పిల్లల్ని ఎత్తుకెళ్లి అమ్మిన కేసుల్లో హైకోర్టు నిందితులకు బెయిలిచ్చింది. సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 15న దాన్ని రద్దు చేసింది. నవజాత శిశువు ఆసుపత్రి నుంచి అపహరణకు గురైతే మొదట ఆ ఆసుపత్రి లైసెన్సు నిలిపేయాలంది. మగపిల్లవాడు కావాలని నాలుగు లక్షలిచ్చి కొన్నవాణ్ని కూడా కోర్టు గట్టిగా మందలించింది. కొనేవాడి వైపు చూడటం మంచి మార్పు. కానీ ఒక తీర్పుతో పాత ఫైళ్లు తెరుచుకోవు.

కావాల్సినవి మూడు. అక్రమాలు బయటపడిన సంస్థల పాత దత్తత ఫైళ్లపై స్వతంత్ర కమిషన్ విచారణ. బిడ్డల్ని పోగొట్టుకున్న కుటుంబాల డీఎన్ఏ వివరాలను, వాళ్లు ఇష్టపడితే, ప్రభుత్వ ఖర్చుతో భద్రపరిచే ఏర్పాటు. విదేశాల్లో పెరిగినవాళ్లు తామంతట తాము పోల్చి చూసుకునే వీలు దానిలో ఉండాలి. తప్పిపోయిన పిల్లల గణాంకాల్లో కులం, తెగ వివరాలు.

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ హెచ్చరించింది ఓటు సమానమై విలువ సమానం కాని జీవితం గురించి. పుళియంతోప్ తల్లికి ఓటు ఉంది. ఆమె మాటకు ఒక డీఎన్ఏ పరీక్ష పాటి విలువ కూడా దక్కలేదు.