మొదలు మునిగిన లాభము

లాభము రెండు విధములు. చేతికి వచ్చిన లాభము ఒకటి. పుస్తకములో వ్రాసికొన్న లాభము మరియొకటి. ఈ రెంటికిని నడుమ గల దూరమును ఎరిగినవాడు బ్యాంకరు, ఎరుగనివాడు జూదరి. ఈ చిన్న సత్యమును మన దేశము వేలకోట్లు చెల్లించి నేర్చుకొనవలసివచ్చెను. ఆ పాఠమునకు ఓనమాలు దిద్దిన చోటు బొంబాయి కాదు, కలకత్తా కాదు, మన నారాయణఖేడు.

నారాయణఖేడు 1956 వరకు బీదరు జిల్లాలోను, ఆపై మెదకు జిల్లాలోను ఉండి, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో చేరియున్నది. ఇచటి సేద్యములో అధికభాగము మేఘముపై ఆధారపడినది. వాన కురిసిన కంది, పెసర, జొన్న ఇంటికి వచ్చును. కురియకున్న ఇంటిల్లిపాదియు కూలికై పట్టణపు దారి పట్టవలసినదే. విక్రమ్ ఆకుల స్థాపించిన స్వయంకృషి సంగము 1998లో తన ఋణకార్యమును ఈ ప్రాంతపు పల్లెలలోనే ప్రారంభించెను. బంగ్లాదేశమున మహమ్మద్ యూనస్ నెలకొల్పిన గ్రామీణ బ్యాంకు పద్ధతియే దానికి మాతృక. ఐదుగురు స్త్రీలు ఒక జట్టు, తాకట్టు లేదు, వారము వారము కిస్తు, ఒకరు తప్పిన తక్కినవారు జామీను.

తొలినాళ్లలో ఆ పని సాగినది. ఏల సాగినది? అప్పిచ్చువారు అప్పు గొనువారి గడప ఎరుగుదురు. ఏ ఇంట ఎన్ని మేకలున్నవో, ఏ చేనికి బావి యున్నదో, ఎవరి పెనిమిటి కల్లుపాకలో కాలము గడుపుచున్నాడో వారికి తెలియును. ఈ ఎరుకకే నేటి ఆర్థికశాస్త్రజ్ఞులు ఋణనష్ట నిర్వహణమను పెద్దపేరు పెట్టియున్నారు. పల్లెలో దానిని మనిషిని చూచి అప్పిచ్చుట యందురు.

తరువాతి కథ పాఠకులు కొంత ఎరిగినదే. సేవాసంస్థ 2005లో లాభార్జన కంపెనీగా మారెను. 2009–10లో దాని లాభము సుమారు 174 కోట్ల రూపాయలు. 2010 ఆగస్టులో దాని షేర్లు బజారునకెక్కెను. షేరొకటికి 985 రూపాయల చొప్పున 1,600 కోట్లకు మించిన ధనము సమకూడెను. అప్పటికి సభ్యురాండ్రు అరువదిలక్షలు దాటిరి. పేదల అప్పు ధనికుల మదుపునకు ఆటస్థలము కారాదని యూనస్ బహిరంగముగనే ఆక్షేపించెను. ఆ సందడిలో ఆయన మాట విన్నవారు తక్కువ.

ఇచట పాఠకులు ఒక చిన్న లెక్కను మనసున నిలుపుకొనవలయును. అప్పిచ్చు సంస్థ తానును అప్పు తెచ్చియే వ్యాపారము చేయును. తెచ్చిన ధనమునకు వడ్డి, గుమాస్తాల జీతములు, తిరుగుడు ఖర్చులు పోగా నూటికి మూడు రూపాయలు మిగులునని అనుకొందము. నూరు రూపాయల అప్పొకటి పూర్తిగ మునిగినయెడల, ఆ గుంట పూడ్చుటకు ముప్పదిమూడు మంచి అప్పులపై వచ్చిన లాభమంతయు చాలదు. వందమందిలో నలుగురు ఎగవేసిన వ్యాపారమే నష్టములో పడును. కనుక నష్టభయమును అదుపున నుంచుట లాభమునకు అడ్డమను మాట అవివేకము. లాభమునకు అదియే మొదలు.

మరి ఆ కంపెనీలు చేసినదేమి? ఒకే గడపకు ముగ్గురు నలుగురు పోటీపడి అప్పులిచ్చిరి. ఎవరెంత ఇచ్చిరో పరస్పరము తెలిసికొను పట్టిక అప్పుడు లేదు. ఒకరి అప్పుతో మరియొకరి కిస్తు తీరుచుండెను. అట్లు తీరిన ప్రతి కిస్తును మంచి బాకీగ వ్రాసికొనిరి. దున్నపోతు ఈనెననగా దూడను కట్టివేయుమన్నట్లు, రాని మొదలుపై లాభము పంచుకొనిరి. వసూలుకై జట్టులోని ఆడవారినే ఆడవారిపైకి ఉసిగొల్పిరి. ఆత్మహత్యల వార్తలు పత్రికల కెక్కినవి.

2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అత్యవసర శాసనము తెచ్చెను. కంపెనీలు జిల్లా అధికారుల యొద్ద నమోదు కావలయును. వారపు కిస్తు మాని నెలకిస్తు తీసికొనవలయును. వడ్డి మొత్తము మొదలును మించరాదు. అంతట నూటికి తొంబదికి పైగా నుండిన వసూలు రాష్ట్రములో నూటికి ఇరువదికి లోపల పడిపోయెను. 2011–12లో ఆ కంపెనీకి వచ్చిన నష్టము సుమారు 1,360 కోట్లు. రెండేండ్ల ముందటి లాభమునకు ఇది దాదాపు ఎనిమిది రెట్లు. 985కు కొన్న షేరు 2012లో నూరు రూపాయలకు లోపల పలికెను.

ప్రభుత్వ శాసనమే వారిని కూల్చెనని వాదించు పెద్దలు కలరు. కట్టవద్దని చెప్పిన రాజకీయనాయకులు ఉండిరి; దానిని మేము కాదనము, సమర్థింపము. కాని ఒక్క శాసనముతో కూలిన ఇంటి పునాది ఎట్టిదని అడుగుచున్నాము. తమ అప్పులలో నాలుగవ వంతునకు మించి ఒక్క రాష్ట్రముననే గుప్పించి, ఆ రాష్ట్రపు ప్రజాభిప్రాయము తిరుగబడునేమో యని తలపోయకుండుట ఏపాటి దూరదృష్టి? 2011 జనవరిలో నివేదిక ఇచ్చిన మాలెగాం సంఘమే ఒకే ఇంటికి పలు అప్పులనియు, వసూలులో బలాత్కారమనియు దోషములను ఎత్తిచూపెను.

ఇంకను లోతుగ చూడుడు. జట్టు జామీను గొప్ప కవచమని వారు నమ్మిరి. జట్టులో ఒక్కరికి జ్వరము వచ్చిన తక్కిన నలుగురు ఆదుకొనగలరు. వాన రాకున్న? ఐదు చేలును ఒక్కసారే ఎండును. ఒకే మేఘమును నమ్ముకొన్న ఐదు పొలములు ఒకదానికొకటి జామీను కాజాలవు. ఆ జామీను కంపెనీకి గల నష్టభయమును తొలగింపలేదు. పేదరాలి తలపైకి ఎత్తినది, అంతియే. ఆమె మోయలేక క్రింద వేసిననాడు అది మరల కంపెనీ నెత్తిపైననే పడెను.

బ్యాంకులు మాత్రము నిర్దోషులా? పేదలకు అప్పిచ్చితిమని ప్రాధాన్యరంగపు లెక్క నింపుకొనుటకు అవి కంపెనీలకు మూటలు కట్టి ఇచ్చెను. బ్యాంకు కంపెనీని ఎరుగును. కంపెనీ జట్టును ఎరుగును. జట్టు స్త్రీని ఎరుగును. ఆమె చేనిని ఎరిగినవారు ఈ వరుసలో ఎవరును లేరు. 2011లో పలు కంపెనీల బాకీలకు గడువులు పొడిగించి తిరిగి వ్రాసికొనవలసిన దురవస్థ బ్యాంకులకు పట్టెను.

ఇది పాతకథ గదా, ఇప్పుడేల యని కొందరు అడుగవచ్చును. పాతబడలేదు. నారాయణఖేడులో మొలకెత్తిన ఆ కంపెనీ 2016లో భారత్ ఫైనాన్షియల్ ఇంక్లూజన్ అను పేరు దాల్చి, 2019లో ఇండస్ఇండ్ బ్యాంకులో లీనమయ్యెను. 2025లో ఆ బ్యాంకు, తన సూక్ష్మఋణ వ్యాపారమున 674 కోట్ల రూపాయలు వడ్డీ ఆదాయముగ తప్పుగ లెక్కింపబడెనని తానే ప్రకటించెను. ఆ ఏటి జనవరి–మార్చి త్రైమాసికమున దానికి 2,200 కోట్లకు మించిన నష్టము వచ్చెను. దానికి ఇతర కారణములును కలవు. అయినను పుస్తకములోని లాభమునకును చేతిలోని లాభమునకును గల దూరము మరల బయటపడెను. మరియు 2022లో రిజర్వు బ్యాంకు సూక్ష్మఋణముల వడ్డీపై నుండిన హద్దును ఎత్తివేసి, కుటుంబపు నెల ఆదాయములో కిస్తులు సగమును మించరాదని నియమము చేసెను. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకునందు నమోదైన కంపెనీలకు 2010 నాటి శాసనము వర్తింపదని తీర్పు చెప్పెను. కావున మన పల్లెల తలుపు మరల తెరువబడినది.

నెల ఆదాయమట! కంది కోతకు వచ్చిననాడు తప్ప తక్కిన నెలలలో మెట్ట రైతు ఇంట ఆదాయమెక్కడిది? పంటకు ఆరునెలలు పట్టునపుడు వారము వారము కిస్తు వసూలు చేయుట ఋణమును రక్షించుట కాదు, మరియొక అప్పునకు దారి చూపుటయే.

అప్పే ఇయ్యకుండుట దీనికి మందని మేము చెప్పుట లేదు. బ్యాంకు భయపడి తలుపు మూసినచో పేదవాడు పోవునది షావుకారు గుమ్మమునకే. మేము కోరునవి మూడు. కిస్తు పంటననుసరించి ఉండవలయును. అప్పు పంచిన అధికారికి బహుమానము మొదలు తిరిగివచ్చిన పిమ్మటనే ఈయవలయును. అప్పిచ్చువాడు గ్రామమున నలుగురి ఎదుట ఎంత ఇచ్చెనో, ఎంత వడ్డియో తెలుగున చదివి వినిపింపవలయును. తీసికొన్న అప్పు తీర్చుట మన ధర్మమని పల్లెవారికిని విన్నవించుచున్నాము. బాకీ రద్దు ఆశ చూపి ఓట్లడుగువారు రేపటి అప్పునకు ఎసరు పెట్టుచున్నారు.

బ్యాంకు డైరెక్టరులకు మా తుదిమాట ఒక్కటే. మీ లాభనష్టముల పట్టికను ప్రకటించుటకు ముందు ఒకమారు నారాయణఖేడు రండు. ఆషాఢమాసమున, వానకై ఆకసము చూచుచున్న ఇల్లాలి ప్రక్కన కూర్చుండుడు. ఆమె చేను తడిసినదో లేదో చూచి, పిదప మీ లాభమును వ్రాసికొనుడు.