వంటింటి గుమ్మం దాటని మా తెలుగు



టీవీ సీరియళ్లను తిట్టడానికి ఈ టపా వ్రాయడం లేదు. ఆ పని చేసేవారు కొల్లలుగా ఉన్నారు. ఒకే ముఖాన్ని ముమ్మారు చూపించడం, పట్టుచీరలతో నగలతో నిద్రపోయే ఇల్లాళ్లు, విషం కలిపిన పాలగ్లాసు చేతులు మారుతూ నాలుగు రోజులు తిరగడం, ఇవన్నీ నాకునూ తెలుసు. తెలిసే చూస్తాను. రాత్రి భోజనానికి ముందు మా ఇంట టీవీ మోగుతూనే ఉంటుంది. నేను పడకకుర్చీలో పత్రిక పట్టుకొని కూర్చుంటాను. ఒక కన్ను పత్రిక మీద, ఒక కన్ను తెర మీద. నా తగవు కథలతో కాదు, భాషతో. ఇంకా స్పష్టంగా చెప్పవలెనంటే, తెలంగాణ తెలుగును సీరియలువారు పనిమనిషికో, రౌడీకో, నవ్వించే మేనమామకో తప్ప మరెవ్వరికీ ఇవ్వకపోవడంతో.

నాకు నచ్చినవి లేకపోలేదు. దూరదర్శన్ కాలంలో మంజులా నాయుడు గారు తీసిన ‘ఋతురాగాలు’ ఇష్టంగా చూసేవాణ్ని. అందులో మనుషులు మెల్లగా మాట్లాడేవారు, మాటకు మాటకు నడుమ ఊపిరి పీల్చుకొనేవారు. జనగామలో కరెంటు పోయిన రోజున కథ ఏమైనదో మరునాడు హనుమకొండ నుండి వచ్చే తోటి ఉపాధ్యాయుణ్ని అడిగి తెలుసుకొనేవాణ్ని. గుణ్ణం గంగరాజు గారి ‘అమృతం’ 2001 నుండి 2007 దాకా జెమినీలో వచ్చింది. ఎవ్వరినీ కించపరచకుండా నవ్వించవచ్చునని నిరూపించింది. ‘పాడుతా తీయగా’ సంగతి చెప్పనే అక్కరలేదు. పిల్లవాడు శకారాన్ని సకారంగా పలికితే బాలసుబ్రహ్మణ్యం గారు ఆపి, నవ్వుతూ దిద్దేవారు. నాబోటి తెలుగు పండితునికి అంతకన్న కన్నులపండువ ఏమున్నది? ఆయన 2020 సెప్టెంబరులో పోయినారు. ఆ కార్యక్రమం ఇప్పుడు చూస్తే ఆ ఖాళీయే ముందు కనబడుతుంది.

ఇక ‘కార్తీకదీపం’. 2017 అక్టోబరు నుండి 2023 జనవరి దాకా స్టార్ మాలో సాగిన ఆ కథకు మా వీధి వీధంతా బందీ అయింది. అంత చదువుకున్న డాక్టరు బాబు ఒక్క రక్తపరీక్ష చేయించుకొని అనుమానం తీర్చుకొనక ఏళ్ల తరబడి భార్యను ఎందుకు ఏడిపిస్తున్నాడని నేను విసుక్కుంటే, మా ఇంటావిడ “మీరు పేపరు చదువుకోరాదుండ్రి” అనేది. అయినా వంటలక్క కన్నీరు పెడితే నేనూ పత్రిక మడిచేవాణ్ని. దాచవలసిన పని లేదు.

కాని ఆ వంటలక్క మాట్లాడే తెలుగు మా ఇంటావిడ మాట్లాడే తెలుగు కాదు. నేను చూసినంత మేరకు ఏ సీరియలు నాయికా, ఏ నాయకుడూ, ఏ వకీలూ, ఏ కలెక్టరూ మాలాగా మాట్లాడరు. కథ హైదరాబాదులో జరుగుతున్నా అంతే. స్టూడియోలున్నది ఈ గడ్డ మీద, తీసేది ఇక్కడ, చూసేదీ మేము. తెరమీద మా నోటికి దొరికిన చోటు వంటింటి గుమ్మం దగ్గర.

ఇది నిన్న మొన్న పుట్టిన జబ్బు కాదు. 1985లో వచ్చిన ‘ప్రతిఘటన’ సినిమాలో కోట శ్రీనివాసరావు గారు దుర్మార్గుడైన మంత్రి కాశయ్యగా మా యాసలో మాట్లాడి మెప్పించినారు. గొప్ప నటన, అందులో సందేహం లేదు. ఆయనను నేను తప్పు పట్టను. ఆ తరువాత ఆ యాసను ప్రతినాయకుని మెడలో పతకంలా వేలాడదీసిన రచయితలను తప్పు పడతాను. సినిమా నుండి ఆ అలవాటు సీరియలుకు వచ్చింది.

దీనివల్ల పోయేదేమున్నది, కాలక్షేపమే గదా అనే మిత్రులకు ఒక సంగతి చెబుతాను. మా తమ్ముని కుటుంబం భూపాలపల్లిలో సింగరేణి క్వార్టర్లలో ఉంటుంది. వాని మనుమరాలికి ఏడేండ్లు. ఒకనాడు ఆ పిల్ల మా మరదలితో “నానమ్మా, నువ్వు సీరియల్ల పనామె లెక్క మాట్లాడుతవ్” అన్నది. అందరూ నవ్వినారు, మా మరదలు కూడా నవ్వింది. ఆ ఎగతాళి చేసిన వాక్యంలోనే ‘సీరియల్ల’, ‘లెక్క’, ‘మాట్లాడుతవ్’ ఉన్నవన్న సంగతి ఆ పిల్లకు తెలియదు. కాని నానమ్మ మాట తక్కువ మాట అన్న పాఠం మాత్రం ఎక్కింది. ఆ పాఠం ఏ బడిలోనూ చెప్పలేదు. రోజుకు రెండు గంటలు తెర చెప్పింది.

మాది అపభ్రంశమనీ, వారిది ప్రామాణికమనీ కొందరంటారు. ముప్పది ఏండ్లకు పైగా వ్యాకరణం చెప్పినవాణ్ని గనుక ఇక్కడ కాస్త ఆగుతాను. ‘వచ్చినాఁడు’ అన్న రూపాన్ని ఎదుట పెట్టుకొని చూడండి. మేము ‘వచ్చిండు’ అంటాము. మీరు ‘వచ్చాడు’ అంటారు. మధ్యనున్న అనునాసికాన్ని కాపాడుకొన్నది ఎవరు? పోగొట్టుకొన్నది ఎవరు? మా ఊరి తల్లి బిడ్డను సాగనంపుతూ ‘పైలం బిడ్డా’ అంటుంది. అది కావ్యాలలోని ‘పదిలము’నకు దగ్గరి చుట్టం. ఇది మాది ఎక్కువ, మీది తక్కువ అనడానికి చెప్పడం లేదు. రెండూ ఒక తల్లి బిడ్డలే. ఒకరిని పీట మీద, ఒకరిని పెరట్లో కూర్చోబెట్టడానికి వ్యాకరణాన్ని సాక్ష్యం పిలువవద్దని మాత్రమే చెబుతున్నాను. ఉచ్చారణదోషం వేరు, మాండలికం వేరు. బాలు గారు దిద్దినది మొదటిదాన్ని.

పాలకుర్తి మా జనగామ జిల్లాలోనిది. సంస్కృతం తెలిసి కూడా జానుతెనుగున, ద్విపదలో బసవపురాణం వ్రాసిన సోమనాథుడు మావాడని మేము చెప్పుకొంటాము. (కాదనే పరిశోధకులున్నారు. బమ్మెర పోతన విషయమై ఒంటిమిట్టవారితో ఉన్న పాత పేచీ కూడా ఉండనే ఉన్నది. ఆ జోలికి ఇప్పుడు పోను.) మామూలు జనం వినగలిగే తెలుగే కావ్యానికి అర్హమైనదని ఏడు వందల ఏండ్లకు పూర్వమే తేల్చిన నేల ఇది. ఆ నేల మాటకు ఇప్పుడు ఒక సంధ్యవేళ సీరియలులో నాయిక నోట స్థానం లేదు.

రెండో వాదం: అందరికీ అర్థం కావలె గదా. వినడానికి బాగున్నది. 1987, 88లలో ఆదివారం ఉదయం రామానంద్ సాగర్ రామాయణం వస్తే, హిందీ ముక్క రాని ముసలమ్మలు టీవీ ఉన్న ఇంటి ముందు చాపలు పరచుకొని కూర్చున్నారు. అర్థం కాలేదని ఎవరైనా లేచి పోయినారా? ‘కార్తీకదీపం’ మాతృక ‘కరుత్తముత్తు’ అనే మలయాళ సీరియలు. కేరళ నుండి ఇక్కడికి కథ రాగలిగింది, నాయిక ప్రేమీ విశ్వనాథ్ గారు రాగలిగినారు, మనమందరం ఆమెను సొంత బిడ్డలా చూసుకొన్నాము, మంచిదే. జనగామ నుండి హైదరాబాదు వంద కిలోమీటర్లు కూడా లేదు. ఆ కాస్త దూరం మా మాట ప్రయాణం చేయలేదట!

మూడో వాదం: ఆ యాస సహజంగా పలికే నటులు లేరు. ఇది విన్నప్పుడు నాకు కోపం వస్తుంది. తెరమీద ముఖం కన్నడసీమదైనప్పుడు, గొంతు డబ్బింగు గదిలో మరొకరిదైనప్పుడు, ఆ గొంతు మహబూబాబాదుది ఎందుకు కారాదు? నేను ఆ ఊళ్లో పనిచేసిన కాలంలో నా వద్ద చదివిన ఒక అమ్మాయి, చక్కని కంఠం, పద్యం చదివితే తరగతి నిశ్శబ్దమయ్యేది, హైదరాబాదు పోయి డబ్బింగు అవకాశానికి ప్రయత్నించింది. ఒక చోట ఆమె గొంతు విని మెచ్చుకొని, “యాస పోగొట్టుకొని రామ్మా, లేదా పనిమనిషి పాత్ర వచ్చినప్పుడు పిలుస్తాం” అన్నారట. ఆ మాట నాతో చెప్పినప్పుడు ఆమె ఫిర్యాదులా చెప్పలేదు. అది లోకరీతి అన్నట్టుగా చెప్పింది. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

న్యాయంగా చెప్పవలెనంటే వార్తల చానళ్లు కొంత నయం. వీ6 ‘తీన్మార్ వార్తలు’లో బిత్తిరి సత్తి, సావిత్రి మాటలకు మా ఊరు ఊరంతా టీవీల ముందుకు చేరింది. నేనూ చేరినాను. 2020లో గంగవ్వ బిగ్‌బాస్ ఇంట్లోకి పోతే, ఆ ఆట నాకు నచ్చకపోయినా ఆమె కోసం చూసినాను. అయితే గమనించండి: రెండు చోట్లా మా భాషకు ద్వారం తెరిచినది హాస్యం. నవ్వించడానికైతే రండి, ఏడిపించడానికి, ప్రేమించడానికి, కోర్టులో వాదించడానికి వద్దు అన్నట్టు. సత్తి చెప్పిన మాటకు రాష్ట్రమంతా నవ్వింది సరే, అదే మాటలో ఒక తండ్రి బిడ్డ పెండ్లి గురించి దిగులు పడితే?

ఈ భాషలో కరుణరసం పండదనుకునేవారు చుక్క సత్తయ్య గారి ఒగ్గుకథ విని ఉండరు. మా జనగామ ప్రాంతపు మాణిక్యాపురం ఆయనది. డోలు దెబ్బ పడితే జనం లేచేవారు కారు. నవ్వినదీ ఆ మాటకే, ఏడ్చినదీ ఆ మాటకే. అదీ రాత్రుల తరబడి సాగే ధారావాహికయే సుమండీ, నడుమ ప్రకటనలు లేవు, అంతే తేడా. సినిమావారు ఈ సంగతి గ్రహించినారు. 2017లో ‘ఫిదా’ నాయిక భానుమతి బాన్సువాడ తెలుగు మాట్లాడింది. 2023లో వేణు ఎల్దండి గారి ‘బలగం’ వస్తే ఊళ్లలో తెరలు కట్టి ఆడించుకొన్నారు. చివరన బుడగజంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్య పాట ఎత్తుకొంటే పగబట్టిన అన్నదమ్ములు ఒకరినొకరు పట్టుకొని ఏడ్చినారు. ఆ మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూసినారు. ఆ గొంతును తెర కెక్కించడానికి సినిమాకు అంతకాలం పట్టింది. సీరియలుకు ఇంకెంత కాలం పడుతుందో.

తెలంగాణ సీరియలు ప్రత్యేకంగా తీయుమని నేను అడగడం లేదు. బతుకమ్మ, బోనం నాలుగు ఎపిసోడ్లలో చూపి చేతులు దులుపుకోవడమూ వద్దు. ఇప్పుడు నడుస్తున్న కథలలోనే, ఆ పాలరాతి మెట్ల ఇంట్లోనే, పెద్దకోడలు “అత్తమ్మా, నేను పోను, ఏం చేస్తరో చేయిండ్రి” అననీయండి. పనిమనిషి కావలెనంటే కృష్ణా జిల్లా తెలుగులో మాట్లాడనీయండి, ఒక్క నెల, చూద్దాం ఎవరికి ఎలా ఉంటుందో. సంభాషణ రచయితలు ఎవరైనా ఈ పేజీ చదివితే, మాటలు సరిచూసి పెట్టడానికి నేను సిద్ధం. పైసా అక్కరలేదు. కాగితం పంపేముందు ఆ మాటలు ఏ పాత్రవో పైన వ్రాయండి. పనిమనిషివైతే తిప్పి పంపిస్తాను.