తుపాకీ పట్టిన చేయి

ధవళేశ్వరంలో ఎవర్నడిగినా కాటన్‌ దొర అంటే నీళ్లిచ్చిన మహానుభావుడనే చెబుతారు. ఆయన సైనికాధికారి అనీ బర్మా యుద్ధానికీ వెళ్లారనీ ఎందరికి గుర్తు? 1852లో పూర్తయిన ఆనకట్టే ఆయనకు పేరు తెచ్చింది.

ఆటగా తుపాకీ పట్టేవాళ్లకు మాత్రం మంచిపేరు అంత తేలిగ్గా రాదు. భుజాన బ్యాటుతో వెళ్లే పిల్లల్ని ముచ్చటగా చూసే మనమే, పిస్టల్‌ అనగానే ఓ అడుగు వెనక్కేస్తాం. మరి హైదరాబాద్‌ షూటర్‌ ఈషా సింగ్‌ ఏం చేసిందో తెలుసా? 2020 మార్చిలో, కరోనా లాక్‌డౌన్‌ వేళ, తను దాచుకున్న డబ్బులోంచి 30 వేల రూపాయలు పీఎం కేర్స్‌ నిధికి ఇచ్చింది. అప్పటికి ఆమె వయసు పదిహేనేళ్లే!

అలాగని విరాళమిస్తే జనంలో భయం పోతుందా? పోదు, పూర్తిగా పోకూడదు కూడా. పెళ్లి ఊరేగింపులో సరదాకి గాల్లోకి పేల్చిన తూటా ఎవరి ప్రాణం మీదికి తెస్తుందో తెలీదు. అందుకే 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి, అలాంటి కాల్పులకు రెండేళ్ల దాకా జైలుశిక్ష పెట్టారు.

లైసెన్సున్న తుపాకీని పిల్లల చేతికి అందకుండా తాళమేసి ఉంచడమూ ఇరుగుపొరుగుకు చేసే ఉపకారమే. ఆ నమ్మకం కుదిరాకే, తుపాకీ పట్టిన చేతిలోని దానగుణం జనానికి కనిపిస్తుంది.