పిఠాపురం రాజావారి నిఘంటువు

పాదగయ క్షేత్రం ఉన్న పిఠాపురానికి జమీందారై ఉండి, విగ్రహారాధన కూడదనే బ్రహ్మసమాజం వైపు మొగ్గడం ఆ రోజుల్లో చిన్న సంగతేం కాదు. రాజా సూర్యారావు బహద్దూర్ ఆ పని చేశారు. గురువు రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి ప్రభావం అది. కాకినాడలో అనాథ శరణాలయం, దళిత విద్యార్థులకు వసతి గృహం కూడా పెట్టించారు.

సూర్యరాయాంధ్ర నిఘంటువుకు డబ్బు పోసిందీ ఆయనే. 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య పంతులు గారి పూనికతో ఆ పని తలకెత్తుకుంటే, మొదటి సంపుటం అచ్చయ్యేసరికి 1936 వచ్చింది. అందులో పెద్దపీట గ్రంథాల్లోని మాటకే. జనం నోట రోజూ నలిగే మాటలు చాలావరకు గుమ్మం బయటే ఉండిపోయాయి. ఈ చూపు మీదే వాడుక భాషావాది గిడుగు రామమూర్తి పంతులు గారి పోరంతా. తెలుగు పండితుడై ఉండి సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం అచ్చువేయించిన మనిషి మరి!

అలాగని రామయ్య పంతులు గారిని మొండిఘటమని కొట్టిపారేయలేం. హద్దు గీసుకోనిదే ఏ నిఘంటువూ తెమలదు. హద్దు గీసుకున్నా మొదటి సంపుటానికే పాతికేళ్లు పట్టింది. వినబడ్డ ప్రతి మాటా కావాలనుకుంటే ఇంకెన్నేళ్లు పట్టేదో! పాత కావ్యాల్లో పడి ఉన్న పదాలను వాళ్లు ఏరి పెట్టారు గనకే ఇవాళ తిక్కనను చదవబోయేవాడికి ఒక ఆసరా ఉంది. కనబడిన ప్రతిదానికీ తలూపేవాడు దేని లోతూ చూడలేడు.

హద్దు గీసినందుకు తప్పు పట్టను. అవతలిదంతా గ్రామ్యమన్న చులకన మాత్రం తప్పే. మనకు తెలియని విషయమైతే ఎవరు చెప్పినా వింటాం. పండితులమనుకున్న చోటే చెవులు మూసుకుంటాం. మతం దగ్గర అంత ధైర్యం చూపిన సంస్థానం, భాష దగ్గర సంప్రదాయం పక్కనే నిలబడింది.

గుమ్మం బయట మిగిలిన మాటలకూ తర్వాత చోటు దొరికింది. రైతుల మాటలు పోగేసిన మాండలిక వృత్తి పదకోశం 1962లో, చేనేత పదాలది 1971లో వచ్చాయి. భద్రిరాజు కృష్ణమూర్తి గారి చలవ. ఈసారి ఉప్పాడలో చీర కొనబోతే బేరం తర్వాత ఆడండి. ముందు మగ్గం దగ్గర కాసేపు నిలబడి, దేన్నేమంటారో నేతగాణ్ణి అడగండి.