బుద్ధుడి బొమ్మ, నా రెండు బకెట్లు

జూన్ 5న పర్యావరణ దినోత్సవానికి మనం పెట్టిన చార్టు గుర్తుందా? బోధివృక్షం కింద కళ్లు మూసుకున్న బుద్ధుడు, ఆయన కింద ‘ప్రకృతిని ప్రేమిద్దాం’ అని పచ్చ అక్షరాలు. ఆ అక్షరాలు రాసింది నేనే. బాగున్నాయని మీరంతా అన్నారు కూడా. ఇప్పుడు నాకు ఆ చార్టుతోనే పేచీ.

బౌద్ధం అనగానే మనకు ధ్యానం, ప్రశాంతత, చెట్టు నీడ తడతాయి. గాంధీనగర్‌లో 1956లో ఆచార్య బుద్ధరక్ఖిత స్థాపించిన మహాబోధి సొసైటీకి వెళ్లి నేనూ ‘ఎంత ప్రశాంతంగా ఉందో’ అనుకుని వచ్చేశాను. తర్వాత వినయపిటకం గురించి చదివాను. అందులో ఉన్నవి చాలావరకు చేతులకు పెట్టిన నియమాలు. పురుగులున్న నీళ్లు తాగకూడదు, నేల మీద పొయ్యకూడదు. ఒంట్లో బాగున్న భిక్షువు నీళ్లలో ఉమ్మకూడదు. వానాకాలంలో తిరిగితే పచ్చగడ్డీ చిన్న ప్రాణులూ కాళ్ల కింద నలిగిపోతున్నాయని జనం అన్నందుకు, మూడు నెలలు ఒకేచోట ఉండాలని పెట్టారు. భిక్షువు దగ్గర ఉండాల్సిన ఎనిమిది వస్తువుల్లో నీళ్లు వడగట్టే గుడ్డ ఒకటి.

వాళ్లకు ‘పర్యావరణం’ అనే మాటే లేదు, నిజమే. ప్రాణి చావకూడదన్నదే వాళ్ల పట్టింపు. కానీ ఆ పట్టింపు చేతిలో గుడ్డ దాకా వచ్చింది. మన ప్రేమ చార్టు దగ్గరే ఆగింది.

విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో తొట్లకొండ ఉంది. దగ్గర్లోనే బావికొండ. పేర్లు చూడండి! రెండువేల ఏళ్ల కిందట అక్కడ ఉన్న భిక్షువులు రాతిని తొలిచి, వాన నీళ్లు పట్టుకోవడానికి తొట్లు చేసుకున్నారు. స్తూపాలు కట్టినా మన తెలుగువాళ్లు ఆ కొండలను పిలిచింది తొట్ల పేరుతో, బావుల పేరుతో.

ఇక నా సంగతి. 2024 మార్చిలో బెంగుళూరులో సగం దాకా బోర్లు ఎండిపోయాయి. తాగే నీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. మా హాస్టల్లో పొద్దున ఒక్క గంటే నీళ్లు. ఒకరోజు పక్క గది అమ్మాయి వచ్చి, “ఒక్క బకెట్ ఉంటే ఇస్తావా, కాలేజీకి వెళ్లాలి” అంది. “లేవే” అన్నాను. మంచం కింద రెండు బకెట్లు నిండుగా ఉన్నాయి. ఆ పిల్ల తలస్నానం చెయ్యకుండానే వెళ్లింది. ఇప్పటిదాకా తనతో ఈ మాట చెప్పలేదు. ఇక్కడే చదువుకుంటుంది.

వినయంలో ఒక కథ ఉంది. ఇద్దరు భిక్షువులు కోసల దేశంలో ప్రయాణం చేస్తున్నారు. ఒకడు రెండోవాడి తప్పు ఎత్తిచూపాడు, వాడికి కోపం వచ్చింది. తర్వాత మొదటివాడు వడపోత గుడ్డ అడిగితే ఇవ్వలేదు. వడగట్టకుండా తాగనని ఆ మొదటివాడు దాహంతో చనిపోయాడు. అప్పుడు బుద్ధుడు కొత్త నియమం పెట్టాడు: దారిలో ఎవరైనా గుడ్డ అడిగితే లేదనకూడదు. పురుగును కాపాడే నియమం పక్క మనిషి దాహం దాకా వచ్చింది. అది చదివి పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

జూన్‌లో వానలు పడ్డాయి, కొళాయిలు వచ్చాయి, మా హాస్టల్లో మళ్లీ పళ్లు తోముకుంటూ నీళ్లు వదిలేస్తున్నాం. ఎండాకాలం పొదుపంతా భయంతో చేసిందే. తొట్లకొండ వాళ్లు నీళ్లున్న రోజు కూడా వడగట్టుకునే తాగి ఉంటారు.

మన డిపార్ట్‌మెంట్ వరండాలో ఆర్‌ఓ మెషిన్ వెనక సన్న గొట్టం ఒకటుంది, దాన్లోంచి నీళ్లు రోజంతా కాలువలోకి పోతున్నాయి. దాని కింద పెట్టడానికి ఒక బకెట్ తెచ్చాను. నిండితే వరండా తుడిచే ఆయమ్మకి ఇవ్వాలి, అంతే. సోమ, మంగళ, బుధ నేను చూస్తాను. గురువారం నాకు మధ్యాహ్నం దాకా క్లాసులు లేవు, రాను. ఆ రోజు ఎవరు చూస్తారో ఈ కాగితం కింద పేరు రాయండి. మేడమ్స్ కూడా రాయొచ్చు.