గొంతు ఆగినచోట...

డిసెంబరు నెలలో మా పలమనేరు చలి ఎలా ఉంటుందో ఈ వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. రాత్రి ఎనిమిదైతే చాలు, దుప్పటి ముసుగు తన్నాలనిపిస్తుంది. అంత చలిలోనూ మా వీధికి క్రిస్మస్ పాటలు పాడుతూ ఆరుగురు ఆడవాళ్ళు వస్తారు. చర్చి స్త్రీల సమాజం వాళ్ళు. అందులో ఒకరు మా పక్కింటి అక్క. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం కాకపోయినా, వాళ్ళ పాట వినకపోతే నాకు ఆ నెల వచ్చినట్టే ఉండదు.

పోయినేడు అక్క పాడనంది. ఆగస్టులో వాళ్ళాయన కాలం చేశారు. "నడిమధ్యలో గొంతు పట్టేస్తే ఏం చేసేది? పాట చెడగొట్టేదానికంటే ఇంట్లో ఉండేదే మేలు కదమ్మా" అంది. నిజమే కాబోలు అనుకున్నాను.

వాళ్ళు మాత్రం ఊరుకోలేదు. ప్రాక్టీసు అక్క వాళ్ళ వరండాలోనే పెట్టేశారు. కాఫీ అందించే వంకతో నేనూ కూర్చునేదాన్ని. ఇన్నేళ్ళూ విన్నానే గానీ, పాడడం వెనక ఇంత ఆలోచన ఉంటుందని అప్పుడే తెలిసింది.

మొదటిది శ్రుతి. మగవాళ్ళతో కలిసి పాడేటప్పుడు హార్మోనియం శ్రుతి వాళ్ళకు అనువుగా ఒకటి మీదో, ఒకటిన్నర మీదో ఉంటుంది. ఆడవాళ్ళు కిందికి దిగితే గొంతు వినపడదు, పైకి పోతే కీచుమంటుంది. వీళ్ళు విడిగా పాడుకునేటప్పుడు ఐదు, ఐదున్నర మీద పెట్టుకుంటారు. గొంతు హాయిగా పలుకుతుంది.

రెండోది పాట అందించడం. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలో చాలా పాటలకు మన సంగీతం పుస్తకాల్లో మాదిరే రాగం, తాళం వేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803-1890) గారివి అందులో పేరున్న కీర్తనలు. ఒకామె చరణం ఎత్తుకుంటుంది, తక్కినవాళ్ళు పల్లవి అందుకుంటారు, అచ్చం మన భజనలాగే. మొదటి చరణానికి చప్పట్లుండవు. రెండో చరణం నుంచి మెల్లగా చప్పట్లు, కంజీర కలుస్తాయి.

మూడోదే అసలైనది. పాడే ఆమెకు ఊపిరి చాలకపోతే, పక్కామె ఆ మాట చివర పట్టుకుని పాడేస్తుంది. ఎవరి వెనక ఎవరు అందుకోవాలో ముందే అనుకుని ఉంటారు. సైగ కళ్ళతోనే.

ఈ మాట చెబితే మా అబ్బాయి ఫోన్లో అమెరికా నల్లజాతి ఆడవాళ్ళ సువార్త పాటలు పెట్టి చూపించాడు. ఫిలడెల్ఫియాలో గెర్‌ట్రూడ్ వార్డ్ అనే ఆమె 1931లో తన కూతుళ్ళు విల్లా, క్లారాలతో ఒక బృందం మొదలుపెట్టింది. ఒకే పాటలో ఒకరి తర్వాత ఒకరు ముందుకొచ్చి పాడడం వాళ్ళ పద్ధతి. షికాగోలో 1950ల మొదట్లో ఆల్బర్టీనా వాకర్ 'కారవాన్స్' బృందం పెట్టింది. నాయకురాలు తనే అయినా, ముందుండి పాడే అవకాశం మిగతావాళ్ళకూ ఇచ్చేది. షర్లీ సీజర్, ఇనెజ్ ఆండ్రూస్ అక్కడే పేరు తెచ్చుకున్నారు. వార్డ్ బృందం 1957లో న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో కూడా పాడింది. తళుకుల గౌన్లు, ఎత్తయిన విగ్గులు చూసి, దేవుడి పాటకు ఇంత ఆర్భాటమా అని నొసలు చిట్లించినవాళ్ళూ ఉన్నారట. మా వీధిలోనూ "ఆడవాళ్ళకు నడివీధిలో చప్పట్లేమిటి?" అనే పెద్దలున్నారు లెండి!

ఆ రాత్రి అక్క వచ్చింది. తెల్లచీరలో, వరుస చివర. మా వాకిట్లో రెండో చరణం తనే ఎత్తుకుంది. సగంలో గొంతు పూడిపోయింది. నా గుండె ఝల్లుమంది. అంతలోనే పక్కనున్న చిన్నమ్మాయి ఆ మాట అందుకుంది. అక్క తల వంచుకుని, చప్పట్లు మాత్రం వదలకుండా నిలబడింది. పల్లవికి మళ్ళీ కలిసింది.

గేటు దగ్గర నిలబడి విన్న మా అత్తగారు, "ఈసారి ఆ చరణం ఇద్దరు పాడినారే, బాగుండాది" అన్నారు. నేనేమీ చెప్పలేదు. అందరికీ మిరియాల పాలు పోసిచ్చాను. అక్క గ్లాసు పట్టుకుని నా వైపు చూసి నవ్వింది, ఆగస్టు తర్వాత మొదటిసారి.

భజనకో, మంగళహారతికో, గొబ్బి పాటలకో మీరూ నలుగురు కలిసి పాడుతుంటారు కదా! ఈసారి శ్రుతి మీ గొంతుకు తగ్గట్టు పెట్టుకోండి. ఎవరి వెనక ఎవరు అందుకోవాలో ముందే అనుకోండి. గొంతు పోయిందని, మనసు బాగాలేదని ఇంట్లో కూర్చున్న వాళ్ళుంటే, వాళ్ళ వరండాలోనే ప్రాక్టీసు పెట్టండి. ఏమంటారు?